సీరియల్‌లో ఉండాలా, కాంట్రాక్టుకు బండి పెట్టాలా? లారీ నడిపేవాళ్లు చెప్పండి

పన్నెండు_టైర్లు (పల్నాడు)

అన్నలందరికీ నమస్కారం. మాది పల్నాడులో సిమెంటు ఫ్యాక్టరీల పక్క ఊరు. మా నాన్న లారీ నడిపాడు. నేను ఆయన బండికే క్లీనరుగా ఎక్కి, స్టీరింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు 34 ఏళ్లు. రెండేళ్ల కింద ఫైనాన్స్ మీద పన్నెండు టైర్ల బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఓనరూ నేనే, డ్రైవరూ నేనే.

మా ఊళ్లో లోడు కావాలంటే లారీల సంఘం సీరియల్‌లో పేరుండాలి. ఖాళీ బండితో ఊళ్లోకి రాగానే సంఘం ఆఫీసుకెళ్లి పుస్తకంలో నంబరు రాయించుకోవాలి. నంబరు వచ్చిన రోజు ఏ లోడు పడితే ఆ లోడు ఎత్తాలి, దూరమనీ దగ్గరనీ అనడానికి లేదు. కిరాయి సంఘం కట్టిందే. తగ్గించి ఎత్తినట్టు తెలిస్తే నెల రోజులు సీరియల్‌లోంచి తీసేస్తారు. బయటి బండికి లోడు ఇవ్వనివ్వరు. బళ్లు పెరిగాయి, లోడ్లు పెరగలేదు. నాకు నెలకు ఆరు ట్రిప్పులు దాటడం లేదు. మిగతా రోజులు బండి వేపచెట్టు కింద, నేను ఇంట్లో.

ఇప్పుడు ఒక ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు పిలిచాడు. నెలకు 13 ట్రిప్పులు ఖాయమంటున్నాడు. లోడు ఫోన్‌కే వస్తుంది, ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. కిరాయి మాత్రం టన్నుకు సంఘం రేటు కంటే తక్కువ. పైగా సీరియల్‌లో పేరు తీయించుకుని రావాలట.

నా లెక్క ఇదీ. ట్రిప్పులు ఎక్కువగా విశాఖ వైపే, రానూపోనూ 900 కిలోమీటర్లు. సీరియల్‌లో డీజిలు, టోలు, దారి ఖర్చులు పోను నెలకు 72,000 మిగులుతుంది. కంతు 46,000. చేతిలో 26,000. కాంట్రాక్టులో ఖర్చులు పోను 1,10,000 వస్తుంది. కంతు కడితే 64,000 మిగులుతుంది. ఇద్దరు పిల్లలు, పెద్దది వచ్చే ఏడు హైస్కూలు. సంఘంలో మా నాన్న స్నేహితులే ఉన్నారు, పేరు తీసేయమంటే ఆ మొహాలు ఎలా చూడాలో తెలియడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

—

నార్కట్‌పల్లి_రోడ్డు (నల్గొండ)

అన్నా, నువ్వు ఆలోచించుడు ఎందుకు? పో. నాది సొంత బండి కాదు, జీతం డ్రైవర్ను. పదమూడేండ్ల సంది నడుపుతున్న. సీరియల్ అంటే మీ ఊరి ఓనర్లకు అన్నం పెట్టేదే కావచ్చు, మాలాంటోళ్ల కడుపు మీద కొట్టేది గూడా అదే.

మూడేండ్ల కింద మీ దిక్కే ఒక మిల్లు కాడ సరుకు దించిన. వాపసు లోడు ఉన్నదని మా ఓనరు ఫోన్ చేసిండు. మిల్లోళ్లు గూడా ఎత్తుతమన్నరు. బండి కాటా మీదికి పోయేలోపల పది మంది వచ్చిన్రు. ఇది మా సీరియల్ అన్నరు. వెనక నాలుగు టైర్లకు గాలి తీసిన్రు. పొద్దుగాల ఏడింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆడనే ఉన్న, గాలి కొట్టించుకోనియ్యలే. ఖాళీ బండి తీస్కొని 210 కిలోమీటర్లు వచ్చిన. ఆ డీజిలు పైసలు మా ఓనరు నా బత్తాల కోసిండు. ఆ రోజు సంది సంఘం అన్న మాట వింటే నాకు ఆ వాల్వుల చప్పుడే యాదికొస్తది.

—

పాత_గేరు (నిడదవోలు)

నల్గొండ తమ్ముడూ, నీకు జరిగింది తప్పు. గాలి తియ్యడం ఏ సంఘం చేసినా తప్పే. అది ముందు చెప్పి తర్వాత నా మాట చెబుతాను.

నేను 38 ఏళ్లు నడిపాను. మోకాళ్లు ఇక క్లచ్చి తొక్కనివ్వడం లేదని రెండేళ్లయింది మానేసి. సీరియల్ లేని రోజులు నేను చూశాను. స్టాండులో అరవై బళ్లుండేవి. బ్రోకరు వచ్చి మడత కుర్చీ వేసుకుని కూచుని, "మద్రాసుకి లోడు, ఎంతకి ఎత్తుతావు?" అని ఒక్కొక్కణ్నీ విడివిడిగా పిలిచి అడిగేవాడు. నేనొక రేటు చెబితే, పక్కవాడితో "వాడు ఇంతకి ఒప్పుకున్నాడు, నువ్వేమంటావు" అనేవాడు. నేను చెప్పని రేటు నా నోట్లో పెట్టేవాడు. తెల్లారేసరికి ఎవడి ఇంట్లో జబ్బుంటే వాడు, ఎవడి కంతు దాటిపోతే వాడు డీజిలుకీ చాలని కిరాయికి లోడెత్తేవాడు. ఆ నష్టం పూడ్చుకోవడానికి రెండు టన్నులు ఎక్కువ వేసేవాళ్లం. చక్రం పగిలినా, పట్టీలు విరిగినా అప్పు మనదే.

ఒకరోజు నలుగురం కూచుని, "ఎవడు ముందు వస్తే వాడికే ముందు లోడు, రేటు అందరిదీ ఒక్కటే" అని ఒక స్కూలు నోటు పుస్తకంలో రాసుకున్నాం. సీరియల్ అంటే అదే. అంతకు మించి అందులో ఏమీ లేదు. పల్నాడు అబ్బాయీ, కాంట్రాక్టరు ఇచ్చే ఆ తక్కువ రేటుంది చూశావూ, అది కూడా సంఘం రేటు ఒకటి ఉంది కాబట్టే. సంఘం పోయిన మర్నాడు అది ఇంకా దిగుతుంది.

అలాగని రూలన్నదల్లా మంచిదని కూడా నేను అనను. కేరళకి బియ్యం వేసుకుని వెళ్లేవాణ్ని. మన గోదావరి జిల్లాల బియ్యం అక్కడి మార్కెట్లకి ఎంత వెళ్తుందో మిల్లు వాళ్లని అడగండి. అక్కడ దించడానికి ఏ పేటకి ఆ పేట హమాలీలే రావాలి. ఒకసారి మిషన్ల లోడు వేసుకెళ్తే వాటిని క్రేను దించింది, పక్కన నిలబడి చూసినందుకు మనుషులకి కూలి కట్టాం. దాన్ని వాళ్లు నోక్కుకూలి అంటారు, చూపు కూలి అన్నమాట. 2018 మే 1 నుంచి అక్కడి ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. పనిచేసే వాడి వంతు కాపాడే రూలు వేరు, పని చెయ్యకుండా వంతు అడిగే రూలు వేరు. రెండూ ఒకే జెండా కింద నిలబడతాయి, అదే చిక్కు.

—

బండి_లెక్కలు (తాడేపల్లిగూడెం)

నేను బండి నడపను. మా ఇంటాయన నడుపుతారు, లెక్కలు నేను చూస్తాను. తొమ్మిదేళ్ల ట్రిప్పు పుస్తకాలు నా బీరువాలో ఉన్నాయి. తమ్ముడూ, నీ లెక్కలో రెండు లేవు. టైర్లు లేవు, నువ్వు లేవు.

ముందు టైర్లు. పన్నెండు టైర్లు, ఒక్కోటి 20,000 వేసుకున్నా 2,40,000. మా అనుభవంలో రీట్రెడింగ్ (అరిగిన టైరుకి కొత్త రబ్బరు వేయించడం) కలిపి ఒక సెట్టు 65,000 కిలోమీటర్లు వస్తే గొప్ప. నువ్వు ఆరు ట్రిప్పులు తిరిగితే నెలకు 5,400 కిలోమీటర్లు, సెట్టు ఏడాది వస్తుంది. అంటే నెలకు 20,000 టైర్లకే. పదమూడు ట్రిప్పులంటే 11,700 కిలోమీటర్లు. సెట్టు ఆరు నెలలు కూడా రాదు. నెలకు 43,000 దాకా పక్కన పెట్టాలి.

ఇప్పుడు తీసివెయ్యి. సీరియల్‌లో 26,000లో 20,000 పోతే 6,000. కాంట్రాక్టులో 64,000లో 43,000 పోతే 21,000. నీకు నిజంగా ఎక్కువొచ్చేది 38,000 కాదు, 15,000.

ఇక నువ్వు. దారిలో టోలు గేట్లు, ఊళ్లు కలుపుకుని గంటకు 40 కిలోమీటర్లు వేసుకుందాం. 11,700 కిలోమీటర్లంటే 292 గంటలు. నెలలో ముప్ఫై రోజులూ, ఆదివారం లేదు, పండగ లేదు, రోజుకు దాదాపు పది గంటలు స్టీరింగ్ మీదే ఉండాలి. లోడింగుకి నిలబడేదీ, దించడానికి కూచునేదీ, పట్టా కట్టేదీ ఇందులో కలపలేదు. అవన్నీ కలిపితే నీకు మిగిలేది నాలుగైదు గంటల నిద్ర, అదీ ముక్కలు ముక్కలుగా. రెండో డ్రైవర్ని పెట్టుకుంటే జీతం, బత్తా కలిపి 22,000 దాటుతుంది, ఆ 21,000 అక్కడికే సరి.

కాబట్టి ఆ పదిహేను వేలూ నీ నిద్ర అమ్మితే వచ్చే డబ్బు. అమ్ముకోవద్దని చెప్పడానికి నేనెవర్ని? మేమూ ఒక ఏడాది అలాగే అమ్ముకున్నాం. కాని ఏది అమ్ముతున్నావో తెలిసి అమ్ము.

—

పన్నెండు_టైర్లు (పల్నాడు)

అక్కా, టైర్లకి నెల నెలా పక్కన పెట్టడం నాకు రాలేదు. పోయినప్పుడు అప్పు చేసి వేయించడమే. మీ పోస్టు చదివి కాగితం మీద మళ్లీ వేసుకున్నాను. మీరు చెప్పిందే వచ్చింది.

—

ప్యాకింగ్_ప్లాంట్ (ఎర్రగుంట్ల)

ఇక్కడ ఎవరూ సరుకు పంపేవాడి వైపు మాట్లాడలేదు. నేను సిమెంటు డిస్పాచ్‌లో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. కంపెనీ తరఫున కాదు, నేను రోజూ చూసేది చెబుతున్నాను.

ఇళ్లు కట్టే కాంట్రాక్టరు ఒకరికి పొద్దున శ్లాబు. రాత్రి పదకొండుకి 25 టన్నులు వెళ్లాలి. సీరియల్‌లో ముందున్న బండి డ్రైవరు పెళ్లికి వెళ్లాడు. తర్వాతి బండి సిద్ధంగా ఉంది, కాని ముందువాడు వచ్చి "నా వంతు వదులుకున్నాను" అని రాసిస్తే తప్ప అది కదలదు. శ్లాబు ఆగింది. ఆ కస్టమరు మర్నాటి నుంచి వేరే కంపెనీ బస్తా కొన్నాడు. లోడ్లు తగ్గాయని మీరంతా బాధపడుతున్నారే, ఆ తగ్గినవాటిలో ఈ బస్తాలు కూడా ఉన్నాయి. రూలు బిగిసిపోతే సరుకు రైలెక్కుతుంది, లేదా కంపెనీ సొంతంగా బళ్లు కొంటుంది.

హిమాచల్‌లో ఏమైందో గుర్తు తెచ్చుకోండి. బర్మాణాలో, దార్లాఘాట్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు రెండూ 2022 డిసెంబరు 15న మూతపడ్డాయి. కిరాయి ఎక్కువని అదానీ గ్రూపు, తగ్గిస్తే బతకలేమని ట్రక్కు సంఘాలు. 67 రోజులు ఒక్క బస్తా కదల్లేదు. వేల బళ్లు కంతులు కట్టలేక ఇళ్ల ముందు నిలిచాయి. చివరికి ముఖ్యమంత్రి కూచోబెడితే టన్నుకు కిలోమీటరుకి చిన్న బళ్లకు 10 రూపాయల 30 పైసలు, పెద్ద మల్టీ యాక్సిల్ బళ్లకు 9 రూపాయల 30 పైసలు దగ్గర తెగింది. అంతకు ముందు దార్లాఘాట్ రేటు 10.58, బర్మాణా రేటు 11.41. ఆ తేడా కోసం రెండు నెలల పైన బతుకు ఆగిపోయింది. పంజాబులో అయితే 2017లో ప్రభుత్వమే ట్రక్కు యూనియన్ల గుత్తాధిపత్యం చెల్లదని రూల్సు తెచ్చింది.

—

పాత_గేరు (నిడదవోలు)

ఎర్రగుంట్ల బాబూ, నువ్వు చెప్పిన లెక్క నిజమే కాని దాన్ని ఇటునుంచి కూడా చదవాలి. కంపెనీ అడిగింది ఆరు రూపాయల దగ్గర. తెగింది పది దగ్గర. సంఘం లేకపోతే ఎక్కడ తెగేది?

—

ప్యాకింగ్_ప్లాంట్ (ఎర్రగుంట్ల)

ఒప్పుకుంటాను బాబాయ్. రేటు మాట్లాడడానికి సంఘం ఉండాలి. రాత్రి పదకొండుకి బండి కదలడానికి సంఘం అడ్డుండకూడదు. నేననేది అంతే.

—

కాన్సాస్_నుంచి (ఓవర్‌లాండ్ పార్క్)

మాది ఒంగోలు. ఇక్కడ అమెరికాలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను, సరకు రవాణా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే పని. ఎర్రగుంట్ల ఆయన చెప్పినదానికి ఇక్కడి సంగతి ఒకటి కలపాలి, ఎందుకంటే అది ఇప్పుడు నేనుండే ఊళ్లో మా కళ్ల ముందే జరిగింది.

ఎల్లో అని 1924లో మొదలైన ట్రక్కుల కంపెనీ. చాలా ఏళ్లు దాని హెడ్డాఫీసు మా ఊళ్లోనే. కొన్న చిన్న కంపెనీలన్నీ విడివిడిగా నడుస్తుంటే వాటిని ఒకటి చేద్దామని పథకం వేశారు. అందులో ఒక ముక్క ఏమిటంటే, కొందరు డ్రైవర్లు ట్రక్కు నడపడమే కాకుండా టెర్మినల్‌లో ఫోర్క్‌లిఫ్టుతో సరుకు ఎక్కించి దించాలి కూడా. యూనియన్ ఒప్పందంలో డ్రైవరు పని వేరు, సరుకు ఎక్కించి దించే పని వేరు, ఎవరి సీనియారిటీ వాళ్లది. పడమటి రాష్ట్రాల్లో మొదటి విడతకి డ్రైవర్ల యూనియన్ టీమ్‌స్టర్స్ ఒప్పుకుంది, తర్వాతి విడతకి ఒప్పుకోలేదు. 2023 జూన్‌లో కంపెనీ యూనియన్ మీద 13 కోట్ల 70 లక్షల డాలర్లకు దావా వేసింది. జులైలో ఆరోగ్య, పింఛను నిధులకు కట్టాల్సినవి ఆపేసింది. సమ్మె మాట వినపడగానే సరుకు పంపేవాళ్లు వేరే కంపెనీలకు మళ్లారు. జులై 30న మూత, ఆగస్టు 6న దివాలా. 30,000 మంది ఉద్యోగాలు పోయాయి, అందులో 22,000 మంది యూనియన్ వాళ్లు.

మా వీధి చివర ఉండే పెద్దాయన అక్కడ 26 ఏళ్లు నడిపాడు. మూతపడిన మర్నాడు గరాజు తలుపు తీసి, కంపెనీ జాకెట్టు దులిపి మళ్లీ అదే మేకుకి తగిలించడం చూశాను. అడిగితే ఆయన యూనియన్ని తిట్టలేదు. "జీతంలో కోతకు మేం ఒప్పుకుని పదేళ్లకు పైనే అయింది, మా కోతలతోనే కంపెనీ బతికింది, అప్పులు మాత్రం పైన కూచున్నవాళ్లు చేశారు" అన్నాడు. నిజమే, 2020లో ప్రభుత్వం 70 కోట్ల డాలర్లు అప్పిచ్చింది కూడా. రూల్సు వల్లే మునిగిందని కంపెనీ, అప్పుల వల్లే మునిగిందని యూనియన్. దివాలాలో టెర్మినళ్లను కొన్నవాళ్లలో యూనియన్ లేని కంపెనీలే ఎక్కువ.

నాకు అర్థమైంది ఒకటుంది. ఇక్కడ రెండు రకాల రూల్సున్నాయి. ఎవరు ఏ పని చెయ్యాలనేది యూనియన్‌కీ కంపెనీకీ మధ్య ఒప్పందం. ఎన్ని గంటలు నడపాలనేది మాత్రం దేశం మొత్తానికీ ఒకటే చట్టం. పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక 11 గంటలు నడపొచ్చు, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల లోపలే. ఎనిమిది రోజుల్లో 70 గంటలు దాటకూడదు. యూనియన్ ఉన్నా లేకపోయినా, సొంత ట్రక్కయినా ఇదే. 2017 డిసెంబరు నుంచి ఎలక్ట్రానిక్ పెట్టె ఇంజనుకే తగిలించారు, పుస్తకంలో దొంగ గంటలు రాసే వీలు పోయింది. సొంత ట్రక్కు వాళ్లు ఆ పెట్టెను చాలా తిట్టారు. మన పల్నాడు తమ్ముడి 13 ట్రిప్పులు ఆ పెట్టె దగ్గర ఎక్కడికి వస్తాయో నాకు తెలియాలని ఉంది.

—

బండి_లెక్కలు (తాడేపల్లిగూడెం)

నెలకి 292 స్టీరింగ్ గంటలు. మీ ఎనిమిది రోజుల లెక్కన 78. లోడింగు కలపకుండానే దాటిపోయింది.

—

లేబర్_కేసులు (విజయవాడ)

గంటల చట్టం మన దగ్గర లేదనుకోకండి. ఉంది, 1961 నుంచి ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48. దూరపు రూట్లకు అనుమతి తీసుకుంటే రోజుకు 10, వారానికి 54. అయిదు గంటల తర్వాత అరగంట విరామం. వారానికి ఒక సెలవు. అదనపు గంటలకు రెట్టింపు జీతం. ఆ రోజుల్లోనే ఎంత బాగా రాశారో చూడండి.

చిక్కల్లా ఇదీ: అయిదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. ఒకటి రెండు లారీల ఓనర్ల దగ్గర పనిచేసేవాళ్లు దాని బయటే ఉండిపోయారు, మన దేశంలో లారీలు ఎక్కువగా ఉన్నది అలాంటి చిన్న ఓనర్ల చేతుల్లోనే. ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 1961 చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్‌లో రవాణా సంస్థకి హద్దు పది మంది. అయిదు కాస్తా పది అయింది. అంటే గంటల లెక్క వర్తించేవాళ్లు తగ్గారు, పెరగలేదు.

2021లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ గారు విమానం పైలట్లకి ఉన్నట్టు లారీ డ్రైవర్లకీ గంటలు ఖాయం చెయ్యాలన్నారు. మంచి మాట. సొంత బండి నడుపుకునేవాడికి ఆ మాట ఇంకా రోడ్డు మీద కనబడలేదు. పల్నాడు సోదరుడు సీరియల్‌లో ఉన్నా, కాంట్రాక్టులో ఉన్నా ఈ గంటల చట్టం కింద కార్మికుడు కాడు. కాబట్టి కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు మూడు సంగతులు చదివించుకోండి: 13 ట్రిప్పులు ఇవ్వకపోతే వాళ్లు ఏం కడతారు, లేటైతే మీ దగ్గర ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పి తీసెయ్యొచ్చు. మొదటిది ఏ కాగితంలోనూ లేకపోవడం నేను చాలాసార్లు చూశాను.

—

నార్కట్‌పల్లి_రోడ్డు (నల్గొండ)

వకీల్ సాబ్ చెప్పింది విన్నంక ఒక్క మాట అడగాలె. అందరు సంఘం, యూనియన్ అంటున్నరు గదా, అవి ఎవలయి? ఓనర్లయి. కిరాయి ఎంతుండాలె, లోడు ఎవలెత్తాలె, ఇదే ముచ్చట. డ్రైవరు ఎన్ని గంటలు పండుకోవాలె అని ఏ సంఘం పుస్తకంల రాసిన్రు? బాబాయ్, మీ నోటు పుస్తకంల గూడా రాయలే కదా?

డ్రైవర్లు మొత్తం ఒక్కటిగ నిలబడ్డది నేను నా జన్మల ఒక్కసారే చూసిన. 2024 జనవరి 1, 2. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితల 106(2) సెక్షన్, మనిషి సచ్చేటట్టు గుద్ది చెప్పకుండ పోతే పదేండ్ల దాక జైలు అన్నరు. యూనియన్ లీడర్లు పిలిచేదాంక ఆగలే మేము, బండ్లు అట్లనే ఆపినం. హైదరాబాదుల పెట్రోలు బంకుల కాడ లైన్లు టీవీల చూసింటరు. ఆగితే జనం కొడతరు, పోతే జైలు, మరి మేమెటు పోవాలె? రెండో నాడు రాత్రి సర్కారు మాట్లాడినంకనే అమలు చేస్తమన్నది. ఆ ఏడు జులై 1కి కొత్త చట్టాలన్నీ వచ్చినయ్ గని ఆ ఒక్క ముక్క ఆపిన్రు. అంటే నిలబడితే అయితది.

2025 అక్టోబరు 1 సంది తయారయ్యే కొత్త లారీలకు ఏసీ కేబిన్ పెట్టాలన్నరు. ఎండకాలం ఇంజను మీద కూసున్నోనికి తెలుస్తది అదెంత మంచిదో. గని గంటలకు హద్దు లేకుంటే చల్లటి కేబిన్ల ఇంకో నాలుగు గంటలు ఎక్కువ నడిపిస్తరు, అంతే.

—

పాత_గేరు (నిడదవోలు)

తమ్ముడు అడిగినదానికి జవాబు చెప్పాలి. రాయలేదు. నిద్ర గురించి మా పుస్తకంలో ఒక్క మాట రాయలేదు. ఎందుకు రాయలేదో నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. మేం రాసుకున్నదంతా ఓనర్లుగా రాసుకున్నాం. అప్పటికి నాకూ బండి వచ్చింది, క్లీనరూ వచ్చాడు.

ఇది ఎప్పుడూ ఎక్కడా చెప్పలేదు. సీరియల్ పెట్టక ముందు, వరసగా మూడో రాత్రి. చిలకలూరిపేట దాటాక మూడున్నర అయి ఉంటుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ముందు వెళ్తున్న ట్రాక్టరు ఎర్ర లైటు కనబడుతూనే ఉంది. అది లైటు అని బుర్రకి ఎక్కలేదు. క్లీనరు కుర్రాడు నా చెయ్యి మీద కొట్టాడు, స్టీరింగ్ కోశాను, బండి ఎడమ పక్క మెరక ఎక్కి ఆగింది. ట్రాక్టరులో పత్తి ఏరడానికి వెళ్తున్న ఆడవాళ్లున్నారు. వాళ్లకేమీ తెలియదు, వెళ్లిపోయారు. నేను దిగి చక్రం పక్కన కూచున్నాను. ఒక గంటసేపు లేవలేకపోయాను.

సీరియల్ వచ్చాక నంబరు కోసం నాలుగు రోజులు ఊళ్లో ఉండాల్సి వచ్చేది. అప్పుడు తిట్టుకునేవాళ్లం. ఇప్పుడనిపిస్తోంది, ఆ నాలుగు రోజులే నేను ఇంట్లో పడుకున్నాను. రూలు రాసింది రేటు కోసం, అది కాపాడింది నిద్రని. కాని అది మా బళ్లున్నవాళ్లకే. తమ్ముడి లాంటి జీతం డ్రైవరు ఖాళీ బండి వేసుకుని ఆ రాత్రి 210 కిలోమీటర్లు వెళ్లాడు, వాడి నిద్ర మా సీరియలే పోగొట్టింది.

—

నార్కట్‌పల్లి_రోడ్డు (నల్గొండ)

బాబాయ్, ఆ రోజు గాలి తీసినోళ్లల్ల ఒక్కడన్న గిట్ల మాట్లాడితే నాకు అంత కోపం ఉండకపోతుండె.

—

ఆటోనగర్_బాడీ (విజయవాడ)

బాడీ బిల్డింగు షెడ్డు మాది. ఒకటే చెబుతాను. కంతు కట్టేవాడికి స్వేచ్ఛ అన్నది ఫైనాన్స్ తీరాకే. అంతవరకు సంఘమో కాంట్రాక్టరో, ఎవడో ఒకడు నడిపిస్తాడు. తమ్ముడికి ఇంకా ఎన్ని కంతులున్నాయి?

—

పన్నెండు_టైర్లు (పల్నాడు)

అన్నా, 31 ఉన్నాయి.

వారం పట్టింది మళ్లీ రాయడానికి. మీ మాటలన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. అక్క లెక్క దగ్గర ఆవిడ ఫోన్ తీసుకుని రెండుసార్లు చదువుకుంది.

వకీలు గారు చెప్పిన మూడూ కాంట్రాక్టరుని అడిగాను. లేటుకి రోజుకి 2,000 కోత, అది రాసుంది. పదిహేను రోజుల నోటీసుతో తీసెయ్యొచ్చు, అదీ రాసుంది. 13 ట్రిప్పులు తగ్గితే ఏమిస్తారంటే, "నమ్మకం మీద నడిచే పని ఇది" అన్నాడు.

తర్వాత సంఘం మీటింగుకి వెళ్లాను. మామూలుగా వెనక నిలబడి వచ్చేస్తాను. ఈసారి లేచి మాట్లాడాను. మూడడిగాను. రాత్రి అర్జెంటు లోడుకి ముందువాడు రెండు గంటల్లో రాకపోతే తర్వాతి నంబరు ఎత్తాలి, కాని ముందువాడి వంతు పోకూడదు, మర్నాడు అతనికే మొదటి లోడు. మా ఊళ్లో సరుకు దించిన బయటి బండికి వాపసు లోడు రోజుకు ఇన్ని అని వదలాలి, ఖాళీగా పంపకూడదు. లోడు దించి వచ్చినవాడు ఎనిమిది గంటలు గడిస్తే గాని మళ్లీ లోడెత్తకూడదు, ఓనరైనా జీతం డ్రైవరైనా.

మొదటిది గంటలో ఒప్పుకున్నారు. ఎర్రగుంట్ల అన్న చెప్పిన శ్లాబు సంగతి చెబితే చాలామంది తలూపారు, మాకూ అలాంటి కస్టమర్లు పోయారు. రెండోదాని మీద గొడవైంది. "మన పిల్లలకే లోడు లేదు, నల్గొండ వాడికి ఎందుకు?" అన్నారు. నేను నార్కట్‌పల్లి అన్న రాసింది చదివాను, ఊరి పేరు చెప్పకుండా. ఒకాయన తల దించుకున్నాడు. ఆ గాలి తీసినవాళ్లలో ఉన్నాడో లేదో నాకు తెలియదు. చివరికి రోజుకు రెండు బళ్లు, మూడు నెలలు చూద్దామన్నారు. మూడోదాన్ని ఎవరూ కాదనలేదు, రాయడానికీ ఎవరూ పెన్ను తియ్యలేదు. "ఎవడి నిద్ర వాడికి తెలియదా" అని లేచిపోయారు. వచ్చే మీటింగులో మళ్లీ అడుగుతాను. నిడదవోలు బాబాయ్, మీకు వీలైతే ఆ రోజు రండి. ఆ చిలకలూరిపేట రాత్రి సంగతి మీ నోటితో చెబితే వింటారు. చార్జీలు నేను పెట్టుకుంటాను.

పేరు తీయించుకోలేదు. డబ్బు చాలదు, అది అలాగే ఉంది. ఖాళీగా ఉన్న రోజుల్లో మా బావమరిది ట్రాక్టరుకి వెళ్తున్నాను.

—

పాత_గేరు (నిడదవోలు)

తేదీ చెప్పు అబ్బాయీ. చార్జీలు నావి నేనే పెట్టుకుంటాను.

—

నార్కట్‌పల్లి_రోడ్డు (నల్గొండ)

అన్నా, వచ్చే వారం మా బండి మీ దిక్కే వస్తున్నది, 25 టన్నులు దించేదున్నది. ఆ రెండు బండ్లల్ల ఒకటి నాది రాయించు. కలిసి చాయ తాగుదాం.

—

పన్నెండు_టైర్లు (పల్నాడు)

రాయించాను అన్నా. పొద్దున ఆరింటికల్లా కాటా దగ్గర ఉంటాను. ఆ రోజు నా నంబరు 43, నాకెలాగూ లోడు రాదు.